చూశాకే సంతకం

కెనడాలోని సార్నియా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆ పొద్దున వచ్చిన వార్త ఒక్క లైనే. ‘అంకుల్ ఇక లేరు.’ దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. మధ్యలో ఎవరో కంగారులో బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టి, వెంటనే తీసేసి, ‘సారీ, పొరపాటున నొక్కాను’ అని రాశారు. అంకుల్ బతికుంటే, చేతులు జోడించిన వాళ్ళందర్నీ వదిలేసి ఆ ఒక్కడికి ఫోన్ చేసేవారు. “సారీ సరేనయ్యా, ఎందుకు నొక్కావు?” అని అడిగేవారు. సమాధానం వచ్చేదాకా పెట్టేసేవారు కాదు.

ఆ మధ్యాహ్నం నేను గ్వెల్ఫ్‌లో మా ఫ్యాక్టరీలో ఉండగా డాక్టరు గారి ఫోన్ వచ్చింది. ఆయనది అంకుల్ ఎదురిల్లు. ఆంటీ పోయిన నాటి నుంచీ, అంటే పన్నెండేళ్ళుగా, ఇద్దరికీ మాటల్లేవు. ఒకే వీధి, ఒకే సంఘం, మంచు పడితే ఒకేసారి పారలతో బయటికొచ్చి ఎవరి వాకిలి వాళ్ళు ఎత్తుకునేవారు.

“అబ్బాయ్, పెద్దకర్మకి వస్తున్నావుగా?”

“వస్తున్న సార్.”

“ఆ ఫైళ్ళన్నీ నీకే అప్పగిస్తానంటోంది వాళ్ళమ్మాయి. వాటిల్లో నా కాగితం ఒకటుంటుంది. దానిమీద సంతకం పెట్టాడో లేదో చూసి చెప్పు.”

“ఏం కాగితం సార్?”

“మీ పిల్లలంతా రాసిచ్చారుగా. అదే.”

“మీరు గూడ రాసిండ్రా?”

అటువైపు తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

“పదకొండుసార్లు,” అన్నారు డాక్టరు గారు. “నన్ను క్షమించాడో లేదో తెలియాలి కదయ్యా. ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేడు. ఉన్నప్పుడు అడుగుదామంటే మాటల్లేవు.”

ఆ కాగితం సంగతి చెప్తే అంకుల్ సంగతి సగం చెప్పినట్టే. ఆయన సార్నియా నది ఒడ్డున ఉన్న కెమికల్ ప్లాంటు ఒకదాంట్లో ముప్ఫై ఏళ్ళ పైచిలుకు ఇంజనీరుగా చేశారు. అక్కడ ఎవరి చెయ్యి జారి స్పానర్ కిందపడినా ఇన్సిడెంట్ రిపోర్ట్ రాయాలి. మిగతా వాళ్ళు రిటైరయితే ఇంటికి గడియారం తెచ్చుకుంటారు. ఈయన ఖాళీ ఫారాల కట్ట తెచ్చుకున్నారు. ఒక్కో ఫారానికి మూడు గడులు. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మళ్ళీ జరగకుండా ఏం చేశారు. అడుగున ఒక గీత, దాని కింద ‘చూసి నిర్ధారించినవారు’. సారీకి గడి లేదు. ఆ విషయం ఆయనే గర్వంగా చూపించేవారు.

“సారీ చెప్పినవాడు అరగంటలో మర్చిపోతాడయ్యా. చెప్పించుకున్నవాడు పాతికేళ్ళు గుర్తుపెట్టుకుంటాడు. ఇద్దరికీ ఉపయోగం లేదు,” అనేవారు.

మేం ఆ ఊరొచ్చిన కాలంలో కాలేజీకి తెలుగు పిల్లలు ఎంతమంది వస్తున్నారంటే, గంటకోసారి వచ్చే బస్సులో ఇంగ్లీషు మాట్లాడే మనిషి డ్రైవరొక్కడే. తొందరగా పెరిగిన జనాభాకి తగ్గట్టు తప్పులూ పెరిగాయి. అసైన్‌మెంట్ కాపీ కొట్టి, పైన స్నేహితుడి పేరు తీసేయడం మర్చిపోయినవాడు ఒకడు. ఒంట్లో బాగాలేదని పనికి సెలవు పెట్టి, మేనేజర్ చూసేలా నయాగరా ఫొటోలు పెట్టినవాడు ఇంకొకడు. ఊళ్ళోని పెద్దవాళ్ళు “ఈ కాలం పిల్లలు” అని నిట్టూర్చి పక్కకి తప్పుకునేవారు. అంకుల్ మాత్రం ఫారం తీసేవారు. గదిలోంచి గెంటేసినవాడినీ, పనిలోంచి తీసేసినవాడినీ తన వంటింటి టేబుల్ దగ్గర కూర్చోబెట్టి రాయించేవారు. రాసింది నచ్చకపోతే ఎర్ర పెన్నుతో గీత కొట్టి వెనక్కి ఇచ్చేవారు. నచ్చితే ఇల్లు వెతికిపెట్టేవారు, మేనేజరుతో తనే వెళ్ళి మాట్లాడేవారు. కానీ సంతకం మాత్రం అప్పుడే పెట్టేవారు కాదు.

“మాటిచ్చినందుకు సంతకం పెట్టను. చూశాకే పెడతా.”

ఆరు నెలలు, ఏడాది గడిచాక ఎక్కడో కొత్తిమీర కొంటుంటే వెనక నుంచి వచ్చి భుజం తట్టి, “నీది పెట్టేశాను” అని వెళ్ళిపోయేవారు. ఏది పెట్టారో తెలియక, రెండు మూడు తప్పులున్నవాళ్ళు ఇబ్బందిపడేవారు.

ప్లాంటు ఆయన్ని వదిలినా, ఆయన ప్లాంటుని వదల్లేదు. పెళ్ళిళ్ళకి సూటు వేసుకుని కింద ఇనుప ముక్కు బూట్లు తొడుక్కునేవారు. ఎవరింటికెళ్ళినా తలుపు పక్క కుర్చీయే. కూర్చోగానే, “మంట వస్తే అందరం ఆ మేపుల్ చెట్టు కింద కలుద్దాం” అని ప్రకటించేవారు. సత్యనారాయణ వ్రతమైనా సరే. వాళ్ళింటి వంటింట్లో ఆంటీ గ్రైండరుకి ఎర్ర ట్యాగు వేలాడేది. ప్లాంటులో ఆ ట్యాగు కట్టిన యంత్రాన్ని ఎవరూ ముట్టకూడదు, కట్టినవాళ్ళే విప్పాలి. ఆంటీ పోయాక ఆయన కట్టారు. ఇడ్లీ పిండి కొట్లో కొనేవారు.

ఇంకొక అలవాటు మాకు బాగా కాలక్షేపం. విందులో ఎవరైనా “వెళ్దామా అంకుల్” అంటే చాలు, నోటిదాకా వచ్చిన ముద్దని ప్లేటులో పెట్టేసి లేచేవారు. మనం చెయ్యి కడుక్కునేలోపు ఆయన బూట్లు తొడుక్కుని, కారు స్టార్ట్ చేసి ఉండేవారు. మాది కుర్ర వయసు కనుక బిర్యానీ మధ్యలో కావాలని అనేవాళ్ళం.

“ఊరికెనే అన్నం అంకుల్, కూసోండి.”

“ఊరికే ఎవరూ అనరు. పదండి.”

అంతే, ఆ బిర్యానీ మాకూ అక్కడితో ముగిసేది. ఆయన పాయసం కూడా ముట్టేవారు కాదు. షుగరేమో అనుకున్నాం. లడ్డూలు రెండేసి తినే మనిషికి షుగరేమిటని మాత్రం ఎవరికీ తట్టలేదు. ఇంజనీరింగులో నాలుగు బ్యాక్‌లాగులున్న నాకు తట్టకపోవడంలో వింత లేదు.

ఒక ఏడు ఉగాది ముందు తెలుగు సంఘం మీటింగులో స్టూడెంట్లని పిలవొద్దని తీర్మానం పెట్టారు. అంతకుముందు ఏడు మేం భోంచేసి, పిల్లల డాన్సులు మొదలవగానే వెళ్ళిపోయామని అభియోగం. అది నిజమే. అంకుల్ తలుపు పక్క కుర్చీలోంచి లేచారు.

“తిని వెళ్ళిపోయారు. ఏం జరిగింది అన్న గడి నిండింది. ఎందుకు?”

“తిండి కోసమే వచ్చారు కాబట్టి,” అన్నారు అధ్యక్షులు.

“మనం ఈ దేశం ఎందుకొచ్చామండీ, గాలి మార్పుకా?” అని, అందరి వైపూ తిరిగారు. “మొదటిసారికే రోడ్ టెస్ట్ పాసైనవాళ్ళు చెయ్యెత్తండి. మిగతావాళ్ళకి రెండో ఛాన్స్ ఇచ్చింది ఈ దేశమే కదా.”

హాల్లో ఎవరి చెయ్యీ లేవలేదు. వెనక వరసలో డాక్టరు గారి చెయ్యి సగం దాకా లేచి, ఏదో గుర్తొచ్చినట్టు కిందికి దిగిపోయింది. తీర్మానం వీగిపోయింది. మూడో గడి కింద, భోజనాలు డాన్సుల తర్వాత పెట్టాలని అంకుల్ సవరణ తెచ్చారు. ఆ ఏడు మేం పద్నాలుగు డాన్సులు చూశాం. శిక్షలో కాఠిన్యం ఎంతుండాలన్నది ఆయన ఆలోచించినట్టు లేదు.

నా తప్పు కారు తప్పు. సార్నియాలో కారు లేనివాడు మంచు కాలంలో మనిషి కింద లెక్క కాదు. అంకుల్ తన పాత బూడిదరంగు కారు మీద మాకు డ్రైవింగ్ నేర్పేవారు. నాకప్పటికి రాతపరీక్ష పాసైతే ఇచ్చే లైసెన్సే ఉంది. పక్కన అనుభవమున్న మనిషి కూర్చుంటే తప్ప నడపకూడదు. ఒక ఆదివారం అంకుల్ పెరట్లో టమాటా మొక్కలకి కర్రలు పాతుతుండగా, తలుపు పక్క మేకుకున్న తాళంచెవి తీసుకుని బయల్దేరాను. సరస్సు ఒడ్డున కారుకి ఆనుకుని, నల్లకళ్ళద్దాలతో ఫొటో దిగి, ‘కెనడాలో నా మొదటి కారు’ అని పెట్టాను. తిరిగొచ్చి, కారు యథాస్థానంలో పెట్టబోతూ రివర్సులో డాక్టరు గారి గరాజ్ తలుపుని గుద్దాను. అప్పటికే మా ఊరినుంచి ఎనభైమంది ఆ కారుని మెచ్చుకున్నారు.

డాక్టరు గారు కిటికీలోంచి చూసి బయటికొచ్చారు. తలుపు సొట్టనీ, కారునీ, నా ముఖాన్నీ పరిశీలించారు.

“అతనికి చెప్పావా?”

“లేదు సార్. మీరు చెప్పకండి, ప్లీజ్.”

“నేనెక్కడ చెప్తాను, మాటల్లేనివాణ్ణి,” అన్నారు. తర్వాత జాలిగా, “రాయమంటాడు. రాసెయ్. మొదటిసారే నిజం రాసెయ్. నా మాట విను,” అన్నారు. ఆ సలహాలో ఎంత అనుభవముందో నాకప్పుడు తెలీదు.

మొదటి ఫారంలో ‘కారు గరాజ్ తలుపును తాకినది’ అని రాశాను.

“కారుకి బుద్ధి పుట్టి వెళ్ళి తాకిందా?” అంకుల్ గొంతు పెంచరు. అదే ఇబ్బంది. “ఎవరు నడిపారు?”

“నేనే అంకుల్.”

“ఎందుకు?”

“ఫొటో దిగుదామని.”

“ఎందుకు?”

“ఇన్‌స్టాల పెడదామని.”

“ఎందుకు?”

“మా దోస్తులందరికీ కార్లున్నయ్ అంకుల్. నాకు బస్ పాస్ ఉంది.”

“మరి అదే రాయి. నాకు కారు లేదని సిగ్గేసింది అని రాయి. బ్రేకు బదులు ఏదో తొక్కానని రాస్తే నీకు బ్రేకు నేర్పుతాను. బ్రేకు నీకు వచ్చు. సిగ్గు వేరే రోగం.”

మూడో గడిలో, ‘ఇక జన్మలో కారు ముట్టను’ అని రాశాను. ఎర్రగీత.

“ఇది చర్య కాదు, పారిపోవడం. ఈ ఊళ్ళో కారు ముట్టకుండా పాల పాకెట్ ఎలా తెచ్చుకుంటావు?”

మర్నాడు పొద్దున్నే తాళంచెవి నా ముందు పడేసి పక్క సీట్లో కూర్చున్నారు. అదే వాకిలి, అదే గరాజ్ వైపు రివర్సు. యాభైసార్లు చేయించారు. కిటికీ వెనక డాక్టరు గారు యాభైసార్లూ టీ కప్పు ఛాతీకి అదుముకుని చూశారు. తర్వాత నా పేజీలో ఇంకో ఫొటో పెట్టించారు, బస్టాపులో నిలబడి. ‘ఆ కారు నాది కాదు’ అని రాయించారు. దానికి నాలుగు లైకులొచ్చాయి. అందులో ఒకటి మా అమ్మది, అర్థంకాక.

సొట్ట తీసి, తలుపుకి రంగు వెయ్యడం కూడా నా మూడో గడిలో భాగమే. రెండు ఆదివారాలు పట్టింది. డాక్టరు గారు లాన్‌లో కుర్చీ వేసుకుని పర్యవేక్షించేవారు.

“ఎన్నిసార్లు రాయించాడు?”

“రెండుసార్లు సార్.”

“రెండేనా! అదృష్టవంతుడివి.”

రంగు వేస్తుంటే, అడక్కుండానే ఆయన చెప్పుకొచ్చారు. తెలుగువాళ్ళ విందుల్లో డాక్టరు ప్లేటుతో దొరికితే చాలు, పక్కన క్యూ కట్టే మర్యాద ఒకటుంది. మోకాళ్ళ నొప్పులు గారెలు తినేలోపు, బీపీ పులిహోర దగ్గర. ఏ డాక్టరన్నది ఎవరూ అడగరు, డాక్టరు కూడా చెప్పరు. ఆ దీపావళి మధ్యాహ్న విందులో ఆంటీ వచ్చి, గుండెలో పట్టేసినట్టుంది అన్నారట. ఈయన చేతిలో గారె ఉంది. “గ్యాసమ్మా. కాస్త వాము నమలండి,” అన్నారట. విందు అయ్యాక కారు ఇల్లు చేరింది, ఆంటీ చేరలేదు.

“నేను చర్మం డాక్టర్నయ్యా,” అన్నారు డాక్టరు గారు, గరాజ్ తలుపుతో అన్నట్టుగా. “మొటిమలూ, తామరా చూసేవాణ్ణి. అంత్యక్రియల్లో వెళ్ళి, సారీ అన్నాను. జేబులోంచి ఫారం తీసి ఇచ్చాడు.”

ఆ తర్వాత ఆ ఫారం ఏమైందో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు. రంగు ఆరిపోతోంది.

ఇదంతా జరిగిన ఏడాదికి నా రోడ్ టెస్టు పాసవడం, గ్వెల్ఫ్‌లో ఉద్యోగం రావడం అయ్యాయి. ఫ్యాక్టరీలో నా పని సేఫ్టీ. పొరపాట్లు చేసినవాళ్ళతో ఫారాలు రాయిస్తాను. ఇంటర్వ్యూలో అనుభవముందా అని అడిగితే, రెండువైపులా ఉందన్నాను.

పెద్దకర్మ నాడు పొద్దున్నే సార్నియా చేరాను. అంకుల్ కూతురు వాంకూవర్ నుంచి వచ్చింది. “ఐ డోంట్ నో వాట్ దీజ్ ఆర్. హి సెడ్ యూ వుడ్,” అని ఫైళ్ళ బీరువా తాళం, కారు తాళం కలిపి నా చేతిలో పెట్టింది. గ్రైండరుకి ట్యాగు అలాగే ఉంది. కట్టినవాళ్ళే విప్పాలని ఆమెకి చెప్పాను. ఆమె తలూపి దాన్ని అక్కడే వదిలేసింది.

నా ఫారం దొరికింది. కింద సంతకం ఉంది, తేదీ కూడా. నేను రోడ్ టెస్టు పాసైన రోజు కాదది. ఎప్పుడో ఒక మామూలు మంగళవారం, నేను బస్సెక్కి కాలేజీకి వెళ్ళిన రోజు. ఎక్కడి నుంచి చూశారో.

డాక్టరు గారిది అన్నిటికన్నా లావుపాటి ఫైలు. ఏడాదికొకటి, ఆంటీ పోయిన తేదీకి తలుపు సందులోంచి పడేసినవి. మొదటి పదీ ఎర్ర సిరాతో వెనక్కెళ్ళి, మరుసటి ఏడు కొత్తదానికి పిన్ను చేసి తిరిగొచ్చినవి. ఒకటోదానిలో కారణం: ‘పేషెంటు లక్షణాలు పూర్తిగా చెప్పలేదు.’ ఎర్ర సిరా: ‘ఆమెను కారణంగా రాయవద్దు.’ మూడోది: ‘హాలులో మైకు గోల.’ ఎర్ర సిరా: ‘మీ జవాబు ఆమెకు బాగానే వినిపించింది.’ ఆరోది: ‘నేను చర్మవ్యాధుల నిపుణుడిని.’ ఎర్ర సిరా: ‘ఈ సంగతి ఆ రోజు చెప్పవలసింది.’ తొమ్మిదోది నిండా గుండె జబ్బుల మీద వ్యాసం. దానికి ఎర్ర సిరాలో ఒకే మాట: ‘చదివాను.’

పదకొండోదానిలో కారణం ఒక్క లైను. ‘నాకు తెలియదు అని చెప్పడానికి సిగ్గుపడ్డాను.’ మూడో గడి: ‘ఇకమీదట చెబుతాను.’

దాని మీద ఎర్రగీత లేదు. సంతకమూ లేదు. కింద చిన్న అక్షరాలతో, ‘కారణం సరిగా ఉంది. కానీ నేను నిర్ధారించకూడదు. ఈ ఘటనలో నేనూ ఉన్నాను. నా కాగితం జతచేశాను’ అని ఉంది.

జతచేసింది అంకుల్ రాసుకున్న ఫారం. ఏం జరిగింది: ‘ఇంటికి వెళ్దామా అని ఆమె రెండుసార్లు అడిగింది. వెళ్ళలేదు.’ ఎందుకు: ‘డాక్టరు చెప్పాక ఇంకేమిటి అన్నాను.’ ఎందుకు: ‘పాయసం ఇంకా వడ్డించలేదు.’ మూడో గడి: ‘ఎవరు వెళ్దామా అన్నా లేస్తాను.’ అడుగున గీత ఖాళీ. పన్నెండేళ్ళుగా అది ఖాళీగానే ఉంది. సంతకం పెట్టించుకోవడానికి ఆయన ఎవర్నీ అడిగినట్టు లేదు.

బిర్యానీ ముద్ద ప్లేటులో పెట్టేసి లేచిన మనిషిని నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. నవ్వుతూ చూశాను. చూడటమైతే చూశాను. పెన్ను తీసి అంకుల్ ఫారం మీద సంతకం పెట్టాను. డాక్టరు గారిది మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆయన తెలియదని చెప్పడం నేనింకా చూడలేదు.

హాల్లో భోజనాలు మొదలయ్యాయి. డాక్టరు గారు ప్లేటుతో ఒక మూల నిలబడి నా వైపే చూస్తున్నారు. నేను అటు వెళ్ళేలోపు ఒక ఆంటీ ఆయన్ని అందుకున్నారు.

“డాక్టరు గారూ, మా ఆయనకి పొద్దున్నుంచీ ఛాతీలో ఒకటే మంట. గ్యాసేనంటారా?”

డాక్టరు గారి చేతిలో గారె ఉంది. చుట్టూ ఇంకో నలుగురు తమ వంతు కోసం నిలబడ్డారు. ఆయన గారెని ప్లేటులో పెట్టేశారు.

“నాకు తెలీదమ్మా,” అన్నారు. గట్టిగానే అన్నారు. క్యూలో ఒకాయన ఉలిక్కిపడ్డారు. “నేను చర్మం డాక్టర్ని. నాకు తెలీదు. ఇప్పుడే హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి.”

“ఇప్పుడా? పాయసం ఇంకా రానేలేదు కదండీ,” అన్నారు ఆంటీ వాళ్ళాయన.

నా జేబులో తాళంచెవి తగిలింది. “వెళ్దామా అంకుల్?” అన్నాను.

ఆయన లేవలేదు. ఆ పేరున్న వాళ్ళందరూ ఒకటి కాదు. ఆంటీ, నేనూ చెరో రెక్కా పట్టుకుని లేవదీశాం. బూడిదరంగు కారుని రివర్సులో, ఎవరి తలుపునీ తాకకుండా రోడ్డెక్కించాను.

ఎమర్జెన్సీలో అడుగుపెట్టగానే ఆయనకి ఏవో పరీక్షలు చేశారు, ఆ తర్వాత నాలుగు గంటలు కుర్చీల్లో కూర్చోబెట్టారు. సాయంత్రం ఒక కుర్ర డాక్టరు బయటికొచ్చి, గుండె బాగానే ఉంది, గ్యాస్ అని చెప్పాడు. పాయసం పోగొట్టుకున్న ఆయన నా వైపు చూసిన చూపు ఫారంలో ఏ గడిలోనూ పట్టదు.

కాగితం మోకాలి మీద పెట్టుకుని చెయ్యవలసిన పని చేసి, డాక్టరు గారికి ఫోన్ చేశాను.

“గ్యాసేనట సార్.”

“నేనూ అదే అనుకున్నా.”

“మరి చెప్పలేదేంది?”

“నాకు తెలీదు కదయ్యా,” అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, “ఆ కాగితం చూశావా? ఎన్ని ఎర్రగీతలున్నాయి?”

“ఒక్కటి గూడ లేదు సార్. కారణం సరిగా ఉందని రాసిండ్రు.”

ఫోన్‌లో గిన్నెల చప్పుడు, కుర్చీలు మడుస్తున్న చప్పుడు.

“సంతకం?”

“ఉంది సార్. ఆయనది కాదు, నాది.” అక్కడే చిన్న అక్షరాలతో ఉన్న నాలుగు మాటలూ, జతచేసిన కాగితమూ చదివి వినిపించాను.

“తొందరపడి పెట్టలేదు కదా?” అన్నారు డాక్టరు గారు చివరికి. “నేను ముసలాణ్ణని జాలిపడి?”

“లేదు సార్. చూశాకే పెట్టిన.”